కోదాడ అంగడిల సత్తెమ్మ తొక్కు

మా సూర్యాపేటల మా పక్కింటి సత్తెమ్మ మిరపకాయలు దంచిందంటే వాడకట్టంతా తుమ్ముకుంట గిన్నెలు పట్టుకొని వచ్చేది. ఆమె చేసిన మామిడి తొక్కుకు అంత పేరు.

అంతకుముందు ఆమె మిర్యాలగూడల ఒక బియ్యం మిల్లుల పన్నెండేండ్లు చాట పట్టి నూకలు చెరిగింది. తవుడు దుమ్ము ఛాతిల పట్టి, నాలుగు అడుగులేస్తే ఆయాసం. ఇగ మిల్లు మొఖం చూడొద్దని దవాఖానల చెప్పిన్రు. మొగడు లేడు, ఇద్దరాడపిల్లలు. పుట్టిన ఊరని సూర్యాపేటకొచ్చి ఈ తొక్కు అమ్ముడు మొదలువెట్టింది. కాయను ముక్క కనబడకుంట రోట్లె దంచుతది, ఎల్లిపాయ దండిగ వేస్తది. కానీ ఒక్క వాడకట్టు ఎంతని తింటది? రెండు నెలలకే గిన్నెలు తెచ్చేటోళ్ళు తగ్గిన్రు.

సాగర్ కాలువ నీళ్ళు కోదాడ దిక్కు పారిన కొత్తల సంగతిది. ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి పొలాలు కొన్నోళ్ళతోని అక్కడి వారం అంగడి కిటకిటలాడుతున్నదని విని, రెండు జాడీలు బస్సెక్కించింది. ఇవి అమ్ముడుపోకుంటే మళ్ళ చాట పట్టుడే అక్కా అని నాతోని మెల్లగ అన్నది.

అక్కడ ఎదురుంగ సీత అని గుంటూరు దిక్కు నుంచి వచ్చినామె పచ్చళ్ళు అమ్ముతుండె. మొదటి వారం సత్తెమ్మ తొక్కు, తొక్కు అని పిలిస్తే సీత నవ్వు ఆపుకోలేకపోయింది.

"తొక్కేంటమ్మా, అరటిపండుదా?"

వాళ్ళ దిక్కు తొక్కంటే పండు మీది పొట్టంట. చుట్టూ ఉన్నోళ్ళు కూడ నవ్విన్రు. సత్తెమ్మకు తల కొట్టేసినట్టయింది. రెండో వారం పచ్చడి అని పిలిచింది, సీత జాడీలను చూసి తన జాడీలల్ల కూడ వేలెడు నూనె పోసింది. వచ్చినోళ్ళు మూత తీసి, ముక్కేదని అడిగి, సీత దగ్గరికే పోయిన్రు.

మూడో వారం నేను కూడ బస్సెక్కిన. సత్తెమ్మ దగ్గర కూసుంటే ఏం తెలుస్తది? సీదా సీత దగ్గరికి పోయి ఇంత ఆవకాయ కొన్న. ఎవరు కొంటరు, దేంట్లకు తింటరని ఒక్కొక్కటే అడిగిన. పాపం, ఆమె ఏం దాచుకోలే. మా వాళ్ళకు వేడన్నంలోకండీ, ముక్క కొరుక్కోవాలి, నూనె తేలాలి అన్నది. నాట్లేసే కూలోళ్ళు కొంటరా అంటే, చూసి వెళ్ళిపోతారన్నది.

చూసి పోయేటోళ్ళు ఏం తింటున్నరో చూడాలనిపించింది. అంగడి చివర మోతె దిక్కు తండా ఆడోళ్ళు సద్ది విప్పుకొని కూసున్నరు. వాళ్ళల్ల జమ్లీ అనే పిల్ల జొన్నరొట్టె మీద ఒట్టి ఉప్పుకారం రాసుకుంటున్నది. పక్కన కూసొని, అంగడిల పచ్చడి ఉండంగ ఇదేం తిండి బిడ్డా అని అడిగిన.

"ముక్కలు రొట్టెకంటుకోవు యాడీ, నూనె మోచేతి దాక కారుతది," అన్నది. యాడి అంటే వాళ్ళ మాటల అమ్మ. "పొలం గెట్టు మీద నిలబడి తినాలె మేము. తొక్కుంటే మంచిగుండు. గీడ తొక్కెవరమ్ముతరు?"

నేను ఉరికినంత పని చేసిన. నూనె వంపెయ్, తొక్కని పిలువమంటే సత్తెమ్మ సీత దిక్కు చూసింది.

"మళ్ళ నవ్వుతరక్కా."

"నవ్వనీ. వాళ్ళెట్లైనా నీ దగ్గర కొనరు."

ఆమె ఊపిరి కూడదీసుకొని పిలిచింది. అంగడి చివర రొట్టె ముక్క చేతిల పట్టుకొనే జమ్లీ లేచి నిలబడ్డది. మోదుగాకుల పెట్టిచ్చిన తొక్కును రొట్టెకు రాసుకొని తిని, వాళ్ళ మాటల ఏమో కేకేసింది. పదకొండు మంది వచ్చిన్రు. పొద్దు వంగేసరికి ఒక జాడీ అడుగు కనబడ్డది.

మరుసటి వారం నుంచి సత్తెమ్మ ఒకరికి ఒక పూటకు సరిపడ ముద్దలు చేసి ఆకుల కట్టుకొని పోయింది. నాట్లయినంక కలుపులు, కలుపులయినంక కోతలు. మరుసటేడు మిల్లు నుంచి మనిషొచ్చి, చెరిగేటోళ్ళు దొరుకుతలేరు రమ్మన్నడు. చేతులకు కారమున్నది, ఇప్పుడు చాట పట్టుకోరాదని చెప్పి తోలింది.

సీత దగ్గరికి ఎవరన్న కూలోళ్ళు వచ్చి జాడీలల్లకు తొంగి చూస్తే ఆమెనే చెయ్యి చూపెట్టేది.

"రొట్టెలోకైతే ఎదురుగా వెళ్ళండి. అక్కడ తొక్కుంది."