చివరి గడిలో నార్మల్

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో నన్ను రెండో బ్లాకుకు షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేశారు. నా కింద ఆరుగురు ఆపరేటర్లు, నా పైన ప్రొడక్షన్ మేనేజరు.

ఆ ఫ్యాక్టరీలో చదువుతో పని లేకుండా అందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట నార్మల్. ల్యాబులో అది ఆమ్లం గాఢతకు కొలత. టైమ్ ఆఫీసులో నార్మల్ అంటే పొద్దున వచ్చి సాయంత్రం పోయే ఆఫీసు వాళ్ల డ్యూటీ. షిఫ్టుల్లో నలిగే మాకు ఆ మాటంటేనే కుళ్లు. డిస్పెన్సరీలో బీపీ నార్మల్ అన్నారంటే ఇక లేచి పనికి పొమ్మని. రసాయనాలు కలిపే రియాక్టరు ఉష్ణోగ్రత, ప్రెషరు గంటగంటకూ రాసే లాగ్ షీటులో దాని పని వేరు. చివరి గడిలో నార్మల్ అని ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఇంకేం రాసినా రిపోర్టు పెట్టాలి, మూడు సంతకాలు కావాలి, బ్యాచ్ ఆగుతుంది. అందుకని మావాళ్లు షిఫ్టు ఎక్కగానే ఎనిమిది గంటల వరసల్లోనూ ముందే నార్మల్ రాసిపెట్టుకునేవారు. నాకు తెలుసు. వద్దనలేదు.

మల్లయ్య ఒక్కడే అలా రాసేవాడు కాదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు రైతు కుటుంబం. బోర్లు ఎండాక ఈ పర్మనెంటు ఉద్యోగం మీదే వాళ్ల ఇల్లు నడిచేది. ఒకనాటి మధ్యాహ్నం షిఫ్టులో మూడో రియాక్టరు షీటు చివరి గడిలో తెలుగులో రాశాడు: గేర్‌బాక్సుల కరకర సప్పుడు అస్తున్నది. మర్నాడు విదేశీ కొనుగోలుదారుల తనిఖీ ఉంది. నాకు ఒళ్లు మండింది.

ఇవాళే దొరికిందా నీకు చప్పుడు అని కసిరాను.

"జెర మీరే చెవి పెట్టి ఇనుండ్రి సార్" అన్నాడు.

విన్నాను. వస్తూనే ఉంది. అయినా డ్రాయర్లోంచి ఖాళీ షీటు తీసి ఇచ్చాను. నంబరు వేసి ఇచ్చే ఆ షీట్లు అదనంగా నా దగ్గర ఉండనేకూడదు. అంతా తిరగరాయించాను. చివరి గడి దగ్గర పెన్ను ఆపి, "నార్మలే రాయాల్నా సార్?" అని అడిగాడు. రాయమన్నాను. కింద, తనిఖీ చేసినవారు అన్నచోట నేను సంతకం పెట్టి, పాత షీటు మడిచి జేబులో వేసుకున్నాను.

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. ఆ మర్నాడు గేర్‌బాక్సు పట్టేసింది. లోపల కలియబెట్టే రెక్కలు ఆగి, బ్యాచ్ మొత్తం గడ్డకట్టింది. కొద్దిరోజులుగా చప్పుడు వచ్చే ఉంటుందని మెకానిక్ తేల్చాడు. ఆ రియాక్టరు ఆపరేటరని మల్లయ్య మీద తప్పుడు నమోదు కింద చార్జిషీటు వేశారు.

ఎంక్వయిరీలో అధికారి, నార్మల్ అని నిన్నెవరైనా రాయమన్నారా అని అడిగాడు. మల్లయ్య నా వైపు చూశాడు.

"ఆ సంగతి సార్ చెప్తరు."

పాత షీటు అప్పటికి మా ఇంట్లో, బీరువాలో ఉంది. దాన్ని చూపిస్తే అతని ఉద్యోగం నిలిచేది, నాది పోయేది. ఆపరేటరు రాసింది నమ్మి సంతకం చేశానని చెప్పాను. నెల తిరక్కుండా అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ సాయంత్రమే షీటు చింపేశాను.

విన్నది విన్నట్టు రాయనివ్వని మనిషి ప్లాంటు నడపడానికి పనికిరాడు. ఆ ఎంక్వయిరీ నాకు నేర్పింది ఇదే. నేర్చుకున్నాక కూడా నేను దాదాపు మూడేళ్లు ఆ బ్లాకు నడిపాను. అన్నాళ్లూ నా షిఫ్టులో ఏ ఆపరేటరూ, ఏ షీటులోనూ, ఏ చప్పుడూ రాయలేదు.