అప్పలసూరి పాత దారి

నెల్లిమర్ల అప్పలసూరికి దారంటే పాతదే. విజయనగరానికి కొత్త బైపాస్ పడి నాలుగేళ్లయినా ఆయన దాన్ని తొక్కిన పాపాన పోలేదు. కారు నడిపే మేనల్లుడు మోహనకృష్ణ వెన్నుపూసలు సగం పాత రోడ్డు గుంతల్లోనే రాలిపోయాయి.

"మావా, బైపాస్‌లో అయితే పావుగంట!"

"పావుగంట మిగిల్చి ఏటి సేస్తావురా? పాత దారిన పోనీ."

ఆ దారిలో సత్యవతి టీ కొట్టు దగ్గర ఆగితీరాలి. మోహనకృష్ణ పెళ్లికైతే మావ ఏకంగా పెళ్లివారి బస్సునే అటు మళ్లించి, బస్సెడు జనానికీ టీ తాగించాడు. మండపంలో పంతులుగారు గడియారం చూసుకుంటూ సగమైపోయారు. పెళ్లికూతురు శ్రావణి ఇప్పటికీ ఆ మాటెత్తితే ఒక పూట మొగుడితో మాట్లాడదు.

ఈమధ్య మావ నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టర్ యమున పేస్‌మేకర్ పెట్టాలంది. "కొత్తవి నాకొద్దు" అని ఆయన మంచం దిగిపోయాడు. పెట్టకపోతే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని ఆవిడ చెప్పేసరికి మోహనకృష్ణ మావని పట్టుకుని మళ్లీ మంచమ్మీద కూర్చోబెట్టాడు. తండ్రి లేని తనని పెంచింది ఆ మావే.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గుండెలో కరెంటు నడవడానికి పుట్టుకతో వచ్చిన దారొకటుంది బాబాయ్‌గారూ. మీకది మధ్యలో దెబ్బతింది. మామూలుగా పేస్‌మేకర్ తీగని గుండె కండకి తగిలిస్తాం. కరెంటు ఆ దారి వదిలేసి కండలో పడి మెల్లిగా పాకుతుంది. మీకు మాత్రం, దెబ్బతిన్న చోటు దాటాక మళ్లీ ఆ దారిలోనే కలుపుతాం."

"అంటే పాత దారేనేటి తల్లీ?"

"పాత దారే."

"మరి ముందే సెప్పొచ్చు కదా! సొక్కా ఇప్పీమన్నావేటి?"

తీగ చక్కగా కుదిరింది. ఇంటికి తీసుకొస్తూ, ఎవరూ చెప్పకుండానే మోహనకృష్ణ కారు పాత రోడ్డుకి తిప్పాడు. సత్యవతి అతనికి టీ ఇచ్చి, మావ చేతిలో గ్లాసుడు మజ్జిగ పెట్టింది.

"టీ ఏదే?"

"మీకు టీ పడదు కదన్నా. ఒక గుక్క తాగి కొట్టెనకాల పారబోస్తారు. నాను సూడనేదనుకున్నారేటి? బైపాస్ పడ్డాక నా కొట్టుకొచ్చినోళ్లంటే మీరు లాక్కొచ్చినోళ్లే."

దొంగతనం బయటపడినట్టు మావ మొహం మజ్జిగ గ్లాసులో దాచుకున్నాడు. నాలుగేళ్లుగా తిట్టుకున్న గుంతలన్నీ మోహనకృష్ణకి ఒక్కసారిగా ముద్దొచ్చాయి.

"మజ్జిగున్నాదని ముందే సెప్పొచ్చు కదే!" అన్నాడు మావ.

"మీరడిగారేటి?"

మోహనకృష్ణ భార్యకి ఫోన్ చేశాడు.

"శ్రావణీ, మావని సూడ్డానికి మీ పుట్టింటోళ్లందర్నీ రమ్మను. బైపాస్‌లో కాదు, పాత దారిన. టీకి ఆగమను."