పెదమావయ్య కాల్చని ఇంజను

కిందటి వారం కడియంలో మా పెదమావయ్య మనవడు మొక్కలు తోలుకోవడానికి పాత వ్యానొకటి కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే చుట్టాల్లో ఎవరో, "ఒరేయ్, మీ తాతలాగా ఆయిలు చూసుకోకుండా ఇంజను కాల్చేవు సుమా!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మంలో నిలబడ్డ పెదమావయ్య భార్య, మా అత్త మాత్రం నవ్వకుండా నావైపు చూసింది. అప్పటినుంచీ కుదురుగా ఉండలేక ఇది రాస్తున్నాను.

మా నాన్నకు ఒక పాత డీజిలు వ్యాను ఉండేది. దాన్ని నడిపేది మా అమ్మ పెద్దన్నయ్య, అంటే పెదమావయ్య. పొద్దున్నే ఆయిలు గేజి పుల్ల బయటకు లాగి, చుక్కను రెండు వేళ్ల మధ్య రాసి, జిగురు చూసుకున్నాకే ఆయన సీటెక్కేవాడు. ఎప్పుడూ ఒకే రకం చిక్కటి ఆయిలు పోయించేవాడు. అప్పుడే ఐటీఐ పాసై రాజమండ్రిలో కొత్త కార్ల షెడ్డులో చేరిన నాకు అది మొరటుగా తోచేది. ఆ తారులాంటి ఆయిలెందుకని వెక్కిరిస్తే, "ముసలి ఇంజను రా అల్లుడూ, నీ చారునీళ్లు దానికి ఆనవు" అనేవాడు.

ఒక ఆదివారం ఆయన పెళ్ళికి వెళ్లినప్పుడు, పాత ఆయిలు దింపేసి, షెడ్డులో కార్లకు వాడే పలచటి కొత్త ఆయిలు పోశాను. జంగారెడ్డిగూడెంలో పామాయిలు మొక్కల లోడు దింపాక అసలు సంగతి చెప్పి ఆయన్ని ఓడించాలని నా సరదా. మర్నాడు మావయ్య గేజి మీద చెయ్యి వేయబోతుంటే, "నేను చూశాన్లే మావయ్యా, బానే ఉంది" అన్నాను. ఆయన నన్ను నమ్మి, వేళ్లకు ఆయిలు అంటకుండానే బండెక్కాడు. ఆ రోజు సెలవు పెట్టి నేనూ పక్కన కూర్చున్నాను.

గోదావరి దాటేదాకా ఇంజను ఎన్నడూ లేనంత మెత్తగా నడిచింది. గోపాలపురం దాటి మెట్ట ఎక్కేసరికి ఆయిలు ప్రెషరు మీటరు ముల్లు కిందికి జారడం మొదలుపెట్టింది. అరిగిన ఇంజనులో భాగాల మధ్య సందులు పెరిగి ఉంటాయనీ, వాటిలో నిలిచేది చిక్కటి ఆయిలేననీ నాకు తర్వాత తెలిసింది. కొత్త ఆయిల్లోని కడిగే మందు ఏళ్లనాటి మడ్డిని ఊడదీసి, ఆయిలు పీల్చే కింది జల్లెడకు అడ్డం వేస్తుందని కూడా. అప్పుడు మాత్రం ఆ ముల్లు నా వల్లే జారుతోందన్నదొక్కటే తెలుసు.

"ఏంట్రా, ముల్లు పడిపోతోంది?" అన్నాడు మావయ్య.

ఆపమని ఒక్క మాటంటే ఇంజను దక్కేది. అంటే నేను చేసింది బయటపడేది. "మీటరు పాతది కదా, పట్టేసుంటుంది" అన్నాను. షెడ్డులో పనిచేసేవాడి మాట కదా అని ఆయన పోనిచ్చాడు. మరో రెండు మైళ్లు. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలై, ఒక్క కుదుపుతో బండి ఆగిపోయింది.

మావయ్య దిగి గేజి లాగాడు. వేళ్ల మధ్య రాశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఎండలో వాడిపోతున్న మొక్కల మీద తన తాగేనీళ్లు చిలకరిస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి మా నాన్న మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చి, ఆయిలు అందక ఇంజను కాలిందని తేలాక, నలుగురి ముందూ, "ఆయిలు చూసుకోకుండా ఎలా ఎక్కారండీ బండి?" అని నిలదీశాడు. నేను పక్కనే ఉన్నాను.

"పొరపాటైపోయిందండి బావగారూ" అన్నాడు మావయ్య.

ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. పోయేదాకా ఇంకొకరి నర్సరీలో మొక్కలకు నీళ్లు పెట్టాడు.

నిన్న అత్త దగ్గరికి వెళ్లి, మనవణ్ణి కూడా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. కుర్రాడు తలొంచుకున్నాడు. అత్త చిక్కుళ్లు వలవడం ఆపలేదు.

"ఆయనకి ఆవేళే తెలుసయ్యా. 'ఇప్పుడు నేను చెబితే షెడ్డుదాకా పాకి వాడి కొత్త ఉద్యోగం పోద్ది, వాడే వచ్చి చెబుతాడ్లే' అని నీ గురించి అన్నారు. చాన్నాళ్లు ఎదురుచూశారు."

ఇప్పటి బళ్లలో ఎప్పుడు ఏం చెడిందో లోపలి కంప్యూటరే రాసిపెట్టుకుంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రోజుల్లో మనిషి నోరు విప్పితేనే నిజం తెలిసేది. నేను విప్పేసరికి, వినవలసిన మనిషి లేడు.