మా వదిన నిమ్మచెట్టు, మా అన్న గ్రీజు డబ్బా

ఊరి బడిలో ఎనిమిది చదివి, సహకార సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణయి, కాలువ మీద వంతెన సాధించి, మూడు శిలాఫలకాల మీద పేరు చెక్కించుకున్నవాణ్ణి నేను. అయినా కాపుకొచ్చిన చెట్టును పెకలించి వేరేచోట బతికించిన ఘనత మా ఇంట్లో ఒక్క వదినదే. ఆమెకు ఎవరూ ఫలకం వేయించలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

వదిన నర్సరీలో అంట్లు కట్టే పని చేసేది. రోడ్డు వెడల్పు చేస్తామని ఎవరో వచ్చి ఇంటిముందు ఎర్రగీత గీసిపోయారు. వదిన వాళ్ళమ్మ కూతురింటికి వచ్చినప్పుడు నాటిన నిమ్మచెట్టు గీతకు అవతలికి పోయింది. ఆవిడ పోయాక ఆవిడ చేతిది అంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని పెరట్లోకి మార్చాలని వదిన పట్టుబట్టింది.

గొయ్యి దగ్గరుండి తీయించింది నేనే. వేళ్ళ మట్టి చెదరకుండా గోనెపట్టా చుట్టి, నలుగురం మోసుకెళ్ళి దింపాం. వెంటనే వదిన కత్తెర తీసి ఆకులు కత్తిరించసాగింది.

బస్సు డిపోలో మెకానిక్ అయిన మా అన్న చూడలేకపోయాడు. "ఏమే, అసలే జబ్బుమనిషి. ఒంటి మీద బట్టలు కూడా ఊడదీస్తావా?"

"ఆకు అడుగున కంటికి ఆనని నోళ్ళుంటాయండీ. గాలి పీల్చేది వాటితోనే, లోపలి నీళ్ళు ఆవిరయ్యేదీ వాటిలోంచే. ఇప్పుడు సగం వేళ్ళు తెగాయి. తాగేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకే ఆకులు తగ్గిస్తున్నా."

"లీకేజీ అన్నమాట."

"మీ భాషలో అంతే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడు ఆమె పనికి వెళ్ళగానే అన్న గ్రీజు డబ్బా తెచ్చి, స్టూలెక్కి, మిగిలిన ఆకులకు అడుగున ఓపిగ్గా పూశాడు. ఆయన చెయ్యి పడ్డాక ఏ బండీ కారిన చరిత్ర లేదు. పై రెమ్మలు మాత్రం అందలేదు.

సాయంత్రం వదిన ఒక ఆకు తిప్పి చూసి, వేలు వాసన చూసుకుంది.

"ఏం చేశారు?"

"లీకు ఆపాను."

"ఊపిరి కూడా ఆపారు! ఆ గాలి లేకపోతే ఆకు తిండి ఎలా వండుకుంటుంది? ఎండ ముదిరితే ఆ నోళ్ళు వాటంతటవే మూసుకుంటాయి, చల్లబడితే తెరుచుకుంటాయి. మీ గ్రీజు తెరుచుకుంటుందా?"

"మీ అమ్మ చెట్టు కదా అని..."

"మా అమ్మ చెట్టు కనకే ఏడుపొస్తోంది. ఆ డబ్బా అవతల పెట్టండి ముందు."

అన్న నావైపు చూశాడు. నేను సంఘాన్ని రెండుసార్లు నడిపినవాణ్ణి. ఎక్కడ నోరు మెదపకూడదో తెలుసు.

గ్రీజు పూసిన ఆకులన్నీ వదిన తుంచేసింది. పై రెమ్మలకు గుడ్డతో నీడ కట్టి, పనికి సెలవు పెట్టి, పూటపూటా నీళ్ళు చిలకరించింది. అయినా ఉన్న ఆకులు ముడుచుకున్నాయి, కొన్ని రాలాయి. పొయ్యిలోకి పనికొస్తుందిలెమ్మని పక్కింటివాళ్ళు ఓదార్చారు. వదిన బెరడు గోటితో గీరి, లోపలి పచ్చదనం చూపించి, వాళ్ళను సాగనంపింది. అన్న ఆ వారాల్లో పెరటి వైపే రాలేదు.

ఒక పొద్దున బోడికొమ్మ కణుపు దగ్గర చీమ తలంత చిగురు కనబడింది.

"ఏమండీ, ఒకసారిలా రండి."

అన్న వచ్చాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరం నుంచే వంగి చూశాడు.

"దగ్గరికి రండి, ఏమీ అనదు."

"వద్దులే. దాని పని దాన్ని చేసుకోనీ."