తాడు తీసిన సంత

పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగ్ మేఘాలయ కొండల కింద, బంగ్లాదేశ్ సరిహద్దు చౌకీలో. మధ్యాహ్నం రెండున్నరకు చేరాను. వాన. వీపున ఇరవై కిలోల సామాను, బూట్లలో నీళ్లు. కమాండర్ డ్యూటీ చెప్పాడు: కంచె పక్కన రెండు దేశాల ఊళ్లవాళ్లకూ వారానికొక సంత, దానికి కాపలా. పైవాళ్లు మూడు వారాలు చూస్తారు. బేరాలు సాగకపోతే గేటుకు తాళం.

ఆ తాళం పడితే ఎవరికి నష్టమో మొదటి వారమే తెలిసింది. మన వైపు కొండమీది ముసలామె తమలపాకులు తెచ్చేది. పట్టణం ఆమెకు ఒక రోజు దారి. అంతదూరం మోస్తే ఆకు వాడిపోతుంది.

మైదానం నడుమ తెల్లతాడు. ఇటు మనవాళ్ల వరుస, అటు వాళ్ల వరుస. తాడు దాటినప్పుడల్లా అనుమతి చీటీ చూపాలి. రెండు వారాలూ అమ్మేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుని వెళ్లిపోయారు.

మాది జూలూరుపాడు. చౌకీలో రేడియో ఆపరేటర్‌ది మా దగ్గరి తల్లాడే.

“అన్నా, గిది సంతనా, పరీక్ష హాలా?” అన్నాడు.

“భద్రాచలం దిక్కు సంతల్ల ఛత్తీస్‌గఢోళ్లకో వరుస, ఆంధ్రోళ్లకో వరుస ఉంటదా తమ్మీ?”

“ఏడుంటది? మిరపకాయల కాడ మిరపకాయలు, ఎండుచేపల కాడ ఎండుచేపలు.”

అదే కమాండర్‌కు హిందీలో చెప్పాను. చీటీలు గేటు దగ్గర ఒక్కసారి చూద్దాం, లోపల సరుకును బట్టి కూర్చోబెడదాం అన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. గొడవైతే రిపోర్టులో నా పేరే రాస్తానన్నాడు.

మూడో వారం ఉదయం తొమ్మిదికి తాడు చుట్టేశాను. ముసలామె పక్కన అవతలి దేశం తమలపాకులామెను కూర్చోబెట్టాను. తొమ్మిదింబావుకల్లా తగాదా. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకామె వేళ్లతో కట్ట రేటు తగ్గించి చూపితే, రెండో ఆమె తన కట్టకు ఇంకో నాలుగాకులు కలిపింది. అరుపులు విని కమాండర్ పరుగున వచ్చాడు.

వాకీటాకీలో ఆపరేటర్: “అన్నా, నీ పేరు పైన రాయాల్నా, కింద రాయాల్నా?”

“జర ఆగు. బేరం గిట్లనే షురూ అయితది.”

తగాదా చూడటానికి జనం మూగారు. మూగినవాళ్లు రెండు ఆకులూ నమిలి చూశారు, కొన్నారు. పదకొండుకు రెండు బుట్టల్లోనూ అడుగు కనిపించింది. సంత కొనసాగించవచ్చని కమాండర్ రిపోర్టు రాశాడు. నా పేరు పైనే రాశాడు.

రెండేళ్లకు ఇల్లు చేరాను. చౌకీలో రాసుకున్న డైరీ ఇప్పటికీ తీసి చూస్తుంటాను. దేశాలు ఎలా కలవాలని టీవీలో పెద్దలు వాదిస్తుంటే నాకు ఆ మూడో సంత రోజు పదకొండూ నలభై గుర్తొస్తుంది. హఠాత్తుగా జడివాన. ఉన్నది ఒక్క నల్లగొడుగు. దాని కింద ఆకులమ్మేవాళ్లిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఈమెకు కుడిభుజం, ఆమెకు ఎడమభుజం తడిసి ముద్దవుతున్నాయి. మిగిలిన ఒక్క కట్ట రేటు మీద ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు.