కప్పు మాట వినే ఖాజా భాయ్

పొద్దున్నే నస్పూర్ సంతలో పుచ్చకాయలమ్మే అతను కాయను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టాడు. ఆ చప్పుడుకు నా నోరు దానంతటదే మూతపడింది. అప్పటిదాకా అతణ్ణి ఆటపట్టిస్తూనే ఉన్నాను. "ఏమైంది, సప్పుడు జేస్తలేవు?" అని అడిగిన నా భార్య లలిత, నా మొహం చూసి మళ్లీ అడగలేదు. ఖాజా భాయ్ గుర్తొచ్చాడని ఆమెకు తెలిసిపోయింది.

నేను ఏడో తరగతిలోనే బడి వదిలేశాను. ఆ రోజు పంతుళ్లు మిఠాయిలు పంచుకున్నారని విన్నాను. ఇరవై రెండేళ్లకు బొగ్గుబాయిలో చేరాను. మా జట్టుకు సర్దార్ ఖాజా భాయ్. భూమి లోపల పని మొదలుపెట్టే ముందు ఆయన పొడవాటి కర్రతో నెత్తిమీది కప్పును తట్టి, చెవి రిక్కించేవాడు. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే వెనక్కి. ఆయన వింటున్నప్పుడు ఎవరూ దగ్గనైనా దగ్గేవారు కాదు. నేనేమో ఈల వేశాను.

"జర నోరు మూయ్ సమ్మయ్యా. కప్పు మాట్లాడుతుంది."

"తెలుగులనా భాయ్, ఉర్దూలనా?"

"ఏ భాషలైతేంది, నిన్నే పిలుస్తుంది. అందరు ఎన్కకు నడువున్రి!"

వెనక్కి వెళ్లి టిఫిన్లు విప్పాం. "నీ కప్పు అబద్ధాలాడుతుంది భాయ్" అని నేనంటూ ఉండగానే, మంచమంత పెళ్ల ఊడి ఇందాక నేను నిలబడ్డ చోట పడింది. ఆయన తన డబ్బా మీది దుమ్ము ఊది, నా అన్నంలో ఓ ముక్క మామిడి తొక్కు వేశాడు.

దాంతో మారిపోయానంటే అబద్ధమే. రెండేళ్లకు లలిత చెన్నూరులోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. దాన్ని కూడా కథగా అల్లి బాయిలో చెబితే అందరూ పడీపడీ నవ్వారు. ఖాజా భాయ్ నవ్వలేదు.

"పొయ్యేటప్పుడు ఏమన్నది?"

"ఏదో అన్నది భాయ్."

"ఏదో అంటే?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేను వినలేదు.

ఆదివారం ఆయనే నన్ను చెన్నూరు బస్సెక్కించాడు. లలితతో, "బిడ్డా, వీడు గంటసేపు నోరు తెరువడు. తెరిస్తే నన్ను పిలువు" అని చెప్పి, మా మామతో చాయ్ తాగుతూ బయట అరుగు మీద కూర్చున్నాడు. లలిత నా ఎదురుగా కూర్చుంది. తర్వాత అంది: "కడుపుల మూడు నెలల బిడ్డ పోయింది. దవాఖాన్లకెల్లి ఇంటికొచ్చి నేను పండుకుంటే, నువ్వు సూడొచ్చినోళ్లందరిని నవ్విచ్చినవ్. నన్ను ఒక్క మాట అడిగినవా?"

ఇంట్లో దుఃఖం కాస్త తేలికపడుతుందని అలా చేశాను. ఆ మాట చెప్పబోయి మింగేశాను. ఆమె ఇంకా చెబుతోంది. గంట దాటినా నేను నోరు తెరవలేదు. ఆ రోజు బస్సుకు ఆమె రాలేదు. మరుసటి ఆదివారం ఒక్కడినే వెళ్లి కూర్చున్నాను, ఆపై ఆదివారం కూడా. నాలుగోసారి వెళ్లేసరికి సంచి సర్దుకుని ఉంది.

రిటైరయ్యాక ఖాజా భాయ్ ఇంట్లో నిలిచింది లేదు. భార్యను, మా చాచీని, స్కూటరు మీద ఎక్కించుకుని ఆదిలాబాద్ అడవుల్లోని జలపాతాలన్నీ తిప్పాడు. మిగతా రోజుల్లో, బాయి మోతలకు చెవులు పోయిన పాత జట్టువాళ్ల ఇళ్లకు వెళ్లేవాడు.

"వాళ్లకు ఇనబడది గదా భాయ్, పోయి ఏం మాట్లాడుతవ్?"

"మాట్లాడేది వాళ్లురా. నాకు ఇనబడతది గదా."

నేను రిటైరయ్యాక ఆయన వెంట తిరిగాను. ఆయన పోయి మూడేళ్లు. ఇప్పుడు ఆ ఇళ్లకు నేను వెళ్తున్నాను. ఒక్కచోట అరగంట మాట్లాడకుండా కూర్చోవడం నాకు బొగ్గు తవ్వడం కన్నా కష్టం.

పోయిన నెల మనవడికి అక్షరాభ్యాసం చేయించి బాసర నుంచి బస్సులో వస్తున్నాం. ఈ ఏడో తరగతి తాతను చూసి సరస్వతమ్మ ఎంత జడుసుకుందోనని అనబోయాను. కిటికీ పక్కన లలిత పెదవులు కదిలాయి. ఆగాను.

"గా పోయిన బిడ్డకు నేను పేరు గూడ అనుకున్న" అంది, నలభై ఏళ్ల తర్వాత.

"ఏం పేరు?"

చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె చెప్పింది నాకు.