జారని బండి

దేవరకొండ బస్టాండు దగ్గర నాతో పాటు జీపులు నడిపినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే పొట్ట పట్టుకొని నవ్వుతారు. ఇంట్లో కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకొని, ప్లాస్టిక్ స్టీరింగ్ పట్టుకొని, తెర మీద కారు నడిపే పెద్దమనిషిని నేను. నవ్వితే నవ్వనీ. వాళ్లకు రెండు కళ్లూ బాగున్నాయి.

నాకు ఎడమ కన్ను పోయింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు షుగరు బయటపడింది, అది మెల్లగా కంట్లోకి దిగింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు మందుల గురించి చెప్పి, తిండి గురించి చెప్పి, చివర్లో ఏం పని చేస్తావని అడిగాడు. మనుషుల్ని ఎక్కించుకొని ఊళ్లకు జీపు నడుపుతానన్నాను. ఆయన రాస్తున్న కాగితం పక్కన పెట్టి, ఇక నడపొద్దన్నాడు. ఒంటికన్నుకు దూరం సరిగ్గా అందదట. నాకు కోపం వచ్చింది. నా కళ్ల సంగతి నాకు తెలియదా అనుకుంటూ బయటికొచ్చి, చాయ్ బండి దగ్గర చాయ్ తీసుకోబోతే చెయ్యి గ్లాసుకు ఇవతలే ఆగిపోయింది. చాయ్ అతను గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ చాయ్ తాగుతూ ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది అందులో.

జీపు ఇంటి ముందుకు చేరింది. పరదా కప్పి, తాళ్లు బిగించాను. రోజూ పొద్దున ఆ పరదా తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, కాసేపు విని, ఆపి, మళ్లీ పరదా కప్పేవాణ్ని. కొంటామని వచ్చినవాళ్లందరికీ ఏదో ఒక వంక పెట్టాను. ఒకతను కిళ్లీ నములుతూ బానెట్ మీద చెయ్యి వేశాడు, నాకు నచ్చలేదు. ఇంకొకతను టైరును కాలితో తన్ని చూశాడు, అతన్ని వాకిట్లోంచే పంపించాను. నా భార్య అన్నీ చూస్తూ ఊరుకుంది. ఒక్కసారి మాత్రం, బండి అమ్మకపోతే ఉండనీ గానీ నువ్వు ఆ బండిలోంచి ఎప్పుడు దిగుతావని అడిగింది. నేను పరదా తాళ్లు మళ్లీ బిగించాను. డ్రైవరు కాకపోతే నేనెవరినో నాకే తెలియదు, ఆమెకేం చెప్పను?

కరోనా వచ్చి ఆఫీసులు మూసేశాక మా బిడ్డ కంప్యూటర్‌తో సహా ఇంటికొచ్చింది. పొద్దంతా ఆ కంప్యూటర్లోనే దాని ఉద్యోగం. నేను జీపు చుట్టూ తిరగడం కిటికీలోంచి చూసేది కాబోలు, ఒకరోజు ఒక స్నేహితురాలి దగ్గర వాడకుండా పడి ఉన్న స్టీరింగు, కింద తొక్కే పెడళ్లు, పక్కన గుంజే హ్యాండ్ బ్రేకు తెప్పించి, తన పాత కంప్యూటర్ పెట్టిన బల్లకు బిగించింది. ఇదొక ఆట అంది. కారును మనమే కట్టుకోవాలి, మనమే నడపాలి. పిల్లలాటలు నాకెందుకని విసుక్కున్నాను. విసుక్కుంటూనే కూర్చున్నాను.

కూర్చోగానే స్టీరింగును తాకి కళ్లకద్దుకున్నాను. అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. బిడ్డ చూసింది, నవ్వలేదు.

కాసేపటికి ఒక విచిత్రం గమనించాను. తెర మీద రోడ్డు నాకు ఎలా కనిపిస్తోందో మా బిడ్డకూ అలాగే కనిపిస్తోంది. తెరకు లోతు లేదు. దాని ముందు కూర్చుంటే రెండు కళ్లున్నవాళ్లూ ఒంటికన్నువాళ్లే. కన్ను పోయాక నేను ఎవరికీ తక్కువ కాని జాగా అదొక్కటే దొరికింది. ఆ సంతోషంలో మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది.

బండి కట్టడం ఇంకా బాగుంది. ఆటలో జీపు లేదు. చతురస్రంగా, పాతకాలం ముక్కుతో ఉన్న ఒక కారును ఎంచుకున్నాను. వెనక చక్రాలు తోసే బండి, మన జీపు లాగే. ఇంజన్ దింపొచ్చు, వేరేది ఎక్కించొచ్చు, చేతికి గ్రీజు అంటదు. రంగు మా జీపు నీలమే వేశాను, పక్కన పసుపు గీత గీశాను. వెనక బిగించుకోవడానికి ఎన్ని రకాల రెక్కలో, ఎన్ని రకాల సైలెన్సర్లో. అద్దం ముందు కట్టడానికి ఒక్క నిమ్మకాయ లేదు. ఇదేం ఆట అన్నాను. ఆ మాట విన్న నా భార్య శనివారం పొద్దున నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి, బల్లకు బిగించిన స్టీరింగు కింద కట్టిపోయింది. బండి అన్నాక బండేనట.

వెనక స్ప్రింగులు ఆటలో దొరికే అన్నిటికంటే గట్టివి వేయించాను. మా జీపుకు స్ప్రింగుల బదులు ఉండే కమాన్ కట్టలో అదనంగా ఇనుప పట్టీలు వేయించుకునేవాళ్లం, మనుషులు నిండితే బండి కిందికి కూలబడకుండా. టైర్లు కూడా రోడ్డును బాగా కరుచుకునేవే తీసుకున్నాను. మా బిడ్డ చూసి తల పట్టుకుంది.

"బాపూ, గీ కార్ల ఎవ్వలు ఎక్కరు. గిన్ని పట్టీలెందుకు?"

ఎక్కరని నాకూ తెలుసు. తెలిసీ వేయించాను.

ఇక నడిపే రోజు వచ్చింది. ఎక్కడిదో కొండదారి, డిండి నుంచి శ్రీశైలం వైపు పోయే దారికి చుట్టంలా ఉంది. ఒక మలుపు తర్వాత ఒక మలుపు. నేను ఏ మలుపుకు ఏ గేరో చూసుకుంటూ, ముందే వేగం తగ్గించి, ఎక్కడా గీత దాటకుండా, ఎక్కడా గీరుకోకుండా కొండ దిగాను. మనసు నిండిపోయింది. తెర మీద సున్నా పడింది. పాయింట్లు లేవు.

అప్పుడు చెప్పింది మా బిడ్డ అసలు సంగతి. ఈ ఆటలో గెలవాలంటే బండి జారాలి. మలుపులో హ్యాండ్ బ్రేకు గుంజితే వెనక చక్రాలు పట్టు వదిలి, బండి అడ్డంగా తిరిగి, పొగలు కక్కుకుంటూ పోవాలి. ఎంత అడ్డంగా జారితే అన్ని పాయింట్లు. నేను నోరు తెరిచాను. జారాలని ఎవరైనా బండి నడుపుతారా? నేను బతుకంతా జారకుండా ఉండటానికే కదా నడిపింది.

బిడ్డ నాతో వాదించలేదు. నా గట్టి స్ప్రింగులు తీసేసింది, వెనక పట్టులేని గుండు టైర్లు వేసింది. గుండు టైర్లతో కొండ దిగమంటే నా వల్ల కాలేదు. మలుపు వస్తుంది, చెయ్యి హ్యాండ్ బ్రేకు దాకా పోతుంది, అక్కడ ఆగిపోతుంది. కాలు యాక్సిలేటరు మీంచి లేస్తుంది. మళ్లీ సున్నా. కరోనా తగ్గి బిడ్డ హైదరాబాదు పోయేటప్పుడు పాత కంప్యూటర్ నాకు వదిలిపెట్టి పోయింది. ఫోను చేసినప్పుడల్లా జారిందా అని అడిగేది. లేదనేవాణ్ని.

ఎందుకు జారనివ్వలేకపోతున్నానో నాకు తెలుసు. పత్తి ఏరే రోజుల్లో ఒకసారి ముసురు పట్టింది. కూలికి పోయిన ఆడవాళ్లను ఎక్కించుకొని సాయంత్రం వస్తున్నాను. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రోడ్డు మీదికి రేగడి బురద ఎక్కి ఉంది. వాగు దాటాక మలుపులో జీపు వెనక భాగం చేతిలోంచి పోయింది. ముందు భాగం ఒక దిక్కు, వెనక భాగం ఇంకో దిక్కు. ఎలా తిప్పానో, ఏం చేశానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, బండి మళ్లీ దారికొచ్చింది. ఎవరికీ గీత పడలేదు. ఎవరూ అరవలేదు కూడా. నా సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకొని ఒక అవ్వ కూర్చుంది. ఆమె కొంచెం ముందుకు వంగి, మెల్లగా అంది.

"కొడుకా, ఎనుక మేమున్నం."

తిట్టలేదు, బెదరలేదు. మరిచిపోయావేమో అని గుర్తు చేసినట్టు అంది. ఆ తర్వాత ఆ మాట నా వీపు మీదే ఉండిపోయింది. దాన్ని భయమనను, బాధ్యత అనే పెద్ద మాటా నాకొద్దు. ప్రతి మలుపులో వెనక మనుషులున్నారని వీపుకు తెలిసేది, అంతే. జీపు ఆగిపోయినా వీపు ఆ మాట మరిచిపోలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా, వెనక మా ఇంటి గోడ తప్ప ఇంకేమీ లేకపోయినా.

ఒక మధ్యాహ్నం నా భార్య మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను కొండ దిగుతున్నాను, సున్నా పడుతోంది. చాలాసేపు చూసి, ఆ హ్యాండ్ బ్రేకు దాకా పోయి చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకుంటున్నావని అడిగింది. ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. వెనక మనుషులున్నట్టే ఉంటుంది, బండి తిప్పబుద్ధి కాదు అన్నాను. పిచ్చి ముదిరిందంటుందేమో అనుకున్నాను. ఆమె తుంచిన కాయల పళ్లెం పక్కన పెట్టి లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా జీపుకు క్లీనరు లేడు. ఊరు వచ్చాక ఎవరు చివర దిగితే వాళ్లే జీపు బాడీ మీద చేత్తో రెండుసార్లు తట్టి "రైట్" అనేవాళ్లు. వెనక అందరూ క్షేమంగా దిగారు, ఇక నువ్వు పోవచ్చని దానర్థం. ఆ చప్పుడు వినకుండా నేను గేరు వేసేవాణ్ని కాదు. అంగడి రోజుల్లో నా భార్య కూరగాయల గంపలతో నా బండిలోనే వచ్చేది, అందరికంటే చివర మా ఇంటి మూల మీద దిగేది. ఆ రోజు ఆఖరి రైట్ ఆమెదే. అది విన్నాక నా వీపు తేలికయ్యేది. బండి నిలిపే జాగా దాకా ఉన్న ఆ కొద్ది దూరం నేను పాట పాడుకుంటూ పోయేవాణ్ని.

ఆమె వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. కుర్చీ వీపు మీద చేత్తో రెండుసార్లు తట్టింది.

"అందరు దిగిండ్రు. రైట్."

మలుపు వచ్చింది. నేను హ్యాండ్ బ్రేకు గుంజాను. నీలం కారు వెనక భాగం వదిలేసుకొని అడ్డంగా తిరిగింది, తెరంతా పొగ. స్టీరింగును ఎదురు తిప్పాను. వాగు దాటిన మలుపులో తిప్పినట్టే తిప్పి ఉంటాను, చేతులు ఎక్కడా తడుముకోలేదు. కారు జారుతూ జారుతూ మలుపంతా పోయి, తిన్నగా నిలబడింది. ఎన్ని పాయింట్లు పడ్డాయో నేను చూడలేదు. కన్ను పోయిన వైపు నుంచి కూడా నీళ్లు వస్తాయని ఆ రోజు తెలిసింది. నా భార్య కాసేపు కుర్చీ మీద చెయ్యి అలాగే ఉంచి, మళ్లీ పోయి కాయలు తుంచుకుంది.

ఆ తర్వాత హాలియా వైపు నుంచి ఒకతను జీపు చూడటానికి వచ్చాడు. బత్తాయి తోట ఉందట, కాయలు మార్కెటుకు వేయడానికి బండి కావాలన్నాడు. అతనూ టైరును తన్ని చూశాడు. చూసుకోనీలే అనుకున్నాను, బేరం కుదిరింది. రెండో గేరు కొంచెం మొండిది, నొక్కి వేయాలని చెప్పి తాళంచెవి ఇచ్చాను. అతను సీట్లో కూర్చొని స్టార్ట్ చేశాడు. ఆ ఇంజన్ చప్పుడు బయట నిలబడి వింటే వేరేగా ఉంది.

నేను వెనక్కి పోయి లోపలికి తొంగి చూశాను. రెండు వైపులా సీట్లు ఖాళీ. ఇనుప కడ్డీ దగ్గర కూడా ఎవరూ లేరు. బాడీ మీద రెండుసార్లు తట్టి "రైట్" అన్నాను. జీపు కదిలింది. అన్నేళ్లూ ఆ మాట వినడమే గానీ నా నోటితో ఎప్పుడూ అనలేదు. బండి దిగినవాళ్లు అనే మాట అది.